నలభై దాటని కాలు

జగ్గయ్యపేటలో కాలు కదపలేని మనిషికి ఒకటో తారీఖున పింఛన్ ఇంటికే వస్తుంది. 6,000 చేతిలో పెడతారు, ఫొటో తీస్తారు. 2024 జులైలో మూడు వేలను ఆరు వేలు చేసినప్పుడు ఎంత డప్పు కొట్టారో మరిచిపోయామా? 2025 ఆగస్టులో నోటీసు కూడా ఇంటికే వచ్చింది. మీ వైకల్యం 40 శాతం లోపే, మీరు అనర్హులు అని. రాష్ట్రమంతటా లక్షకు పైగా గడపలెక్కాయి ఈ కాగితాలు. భలే సేవ!

మరి అప్పీలో? దానికి మాత్రం తమరే కదలాలి. 30 రోజుల్లోపు ఎంపీడీవో దగ్గరికో, మున్సిపల్ కమిషనర్ దగ్గరికో. ఆపైన మళ్లీ సర్కారు ఆసుపత్రిలో పరీక్ష. నందిగామ నుంచి బెజవాడ పొమ్మన్నారనుకోండి, దాదాపు 50 కిలోమీటర్లు. జగ్గయ్యపేట నుంచైతే ఇంకో పాతిక పైనే. బస్సెక్కితే 'వీడికేం రోగం, దుక్కలా ఉన్నాడు' అంటారు. ఎక్కలేక కారు మాట్లాడుకుంటే పింఛన్ దానికే చాలదు. పోకపోతే గైర్హాజరు. గెలిచే దారేదయ్యా ఇందులో?

బోగస్‌లు లేరా? బ్రహ్మాండంగా ఉన్నారు. సెల్‌ఫోన్లో గంటలకొద్దీ కబుర్లాడే చెవిటివాళ్లు ఏ ఊళ్లో లేరు? ఏరెయ్యండి, ఎవరొద్దన్నారు? కానీ వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్ పింఛన్‌దారులు ఇంట్లో అచ్చేసుకున్నది కాదుగా. డాక్టరు చూశాడు, శాతం వేశాడు, సంతకం గిలికాడు. ఆ తర్వాత తనిఖీలో ఇంకో డాక్టరు ఇంకో శాతం వేశాడు. పోలియోకు చచ్చుబడ్డ కాలు మధ్యలో చిగురించిందా? పాత లెక్క తప్పో, కొత్త లెక్క తప్పో, రెండూ సర్కారు లెక్కలే. రుజువు చేసుకోవాల్సింది మాత్రం చంకలో కర్ర ఉన్నవాడు! ఆ సంతకాలు పెట్టిన పెన్నులకు ఎన్ని నోటీసులు వెళ్లాయి?

దొంగ సర్టిఫికెట్లు మీ హయాంలోవేనని అధికార పక్షం. కోతలు మీవేనని ప్రతిపక్షం. గొడవ ముదిరాక, అప్పీలు పెట్టుకున్నవాళ్లకు పింఛన్ ఆపబోమన్నారు. సంతోషం. నోటీసులు పంచేముందు ఈ బుద్ధి ఏ మునేట్లో మునిగింది?

ఇంటికొచ్చి పరీక్షించడం చేతకాక కాదు సుమా. మంచాన పడ్డవారి 15,000 పింఛన్ తనిఖీకి 2025 జనవరిలో డాక్టర్లు ఇళ్లకే వెళ్లారు. కోతకు గడప ఎక్కిన డాక్టరు అప్పీలుకు ఎక్కలేడా? కనీసం మండలానికి పంపండి, కలెక్టరు గారూ. ఈలోగా నోటీసు అందుకున్నవాళ్లకో మాట: అప్పీలు కాగితానికి రసీదు చేతిలో పడేదాకా ఆ కౌంటరు వదలకండి.