కొవ్వు ఎవరింటి చుట్టం?

పిల్లల లావు మీద ఉపన్యసించడానికి మన దగ్గర అర్హతలేమీ అక్కర్లేదు, మైకు దొరికితే చాలు. "అంతా తల్లిదండ్రుల క్రమశిక్షణలో ఉందండీ" అని అందుకుని, తాతగారి రాగిసంకటి మీదుగా సెల్‌ఫోన్ దాకా వచ్చి, దాన్ని నాలుగు తిట్టి కూర్చుంటే చప్పట్లు ఖాయం. ఈ సిద్ధాంతం నాకూ మహా నచ్చింది. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు, కంపెనీలకు పైసా నష్టం లేదు, తప్పంతా తల్లిది.

అయితే ఏ తల్లిది? చిక్కంతా అక్కడే. 1989లో సోబల్, స్టంకార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 144 అధ్యయనాలు తిరగేసి తేల్చిందేమిటంటే, వర్ధమాన దేశాల్లో ఆడా మగా పిల్లాజెల్లా ఎవరిని చూసినా, కలిమి పెరిగేకొద్దీ ఒళ్లూ పెరుగుతుంది. సిద్ధాంతం నిజమైతే మన దేశంలో క్రమశిక్షణంతా మురికివాడల్లోనూ, బద్ధకమంతా గేటెడ్ కమ్యూనిటీల్లోనూ కాపురం ఉండాలి. గేటెడ్ కమ్యూనిటీ నుంచి కారులో దిగే ఉపన్యాసకుల నోట ఈ ముక్క మాత్రం ఎప్పుడూ రాదు.

పోనీ, విమానమెక్కి ఇంగ్లండు వెళ్దాం. అక్కడ బడిలో చేరే నాలుగైదేళ్ల పిల్లలనూ, ప్రాథమిక చదువు ముగించే పది పదకొండేళ్ల వాళ్లనూ ఏటా సర్కారే తూచి, ఎత్తు కొలుస్తుంది. సంపన్న ప్రాంతాల పిల్లలతో పోలిస్తే నిరుపేద ప్రాంతాల పిల్లల్లో ఊబకాయం రెట్టింపుకు పైనే. అంటే మన దగ్గర కలిగినవాళ్ల ఇంట్లో ఉన్న బద్ధకం సముద్రం దాటగానే పార్టీ ఫిరాయించి పేదల పక్షం చేరిందన్నమాట! ఇంత చురుకైన బద్ధకం మన అసెంబ్లీలో కూడా కనబడదు.

నిజానికి కొవ్వుకు నీతి తెలియదు, ధరలు తెలుసు. కడుపు నిండడమే గగనమైన చోట అది ఉన్నవాళ్ల ఇంటి చుట్టం. కూరగాయలు పిరమై, వేపుళ్లు చవకై, ఆడుకునే జాగా కూడా ఫీజు కట్టి కొనుక్కోవలసిన చోట లేనివాళ్ల ఇంట్లో దిగబడుతుంది. మనం ఇప్పుడు ఈ రెండింటి నడుమా ఉన్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సర్వేలో, అదే వయసు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు.

ఉన్నవారింట లావు రోగం కాదు, ముచ్చట. "మావాడు ఏమీ తినడండీ" అని తల్లి వాపోతుంటుంది. వాడు ఫోన్ మీంచి కళ్లు తిప్పకుండా రెండో చిప్స్ ప్యాకెట్ అడుగు దులుపుతుంటాడు. కింద పార్కుంది గానీ, దాని గేటుకు "బంతి ఆటలు నిషేధం" అని బోర్డుంది. లేనివారింట సన్నదనమూ రోగం కాదు, "వాళ్ల ఒళ్లే అంత."

అంతేనా? పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పసికందులను ఇంగ్లండు పసికందులతో పోల్చి చూసింది. మనవాళ్లు సుమారు 2.7 కిలోలు, వాళ్లు 3.5 కిలోలు. మనవాళ్లలో బాగా తక్కువైంది కండ. కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనబడే ఆ ఒళ్లే పెద్దయ్యాక చక్కెర జబ్బుకు దారి తీయగలదు. పొట్టలో ఉన్న బిడ్డకు కూడా క్రమశిక్షణ క్లాసు పెట్టాలేమో, ఉపన్యాసకులు ఆలోచించాలి.

ఇక బడి ఎదుట కిరాణా కొట్టు చూడండి. ప్యాకెట్లు తోరణాల్లా, సరిగ్గా మూడో తరగతి పిల్లాడి చెయ్యందే ఎత్తులో వేలాడుతుంటాయి. పొద్దున్నే కూలికి పోతూ అమ్మ చేతిలో పెట్టిన ఐదు రూపాయలకు అక్కడ దొరికేది అదే. బడికి 50 మీటర్లలోపు ఇలాంటివి అమ్మరాదని 2020లోనే కేంద్రం నిబంధన పెట్టింది. కొట్టుకూ గేటుకూ మధ్య దూరం పిల్లాడి రెండు గంతులు.

సర్కారు ఊరుకుందా? లేదు. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమంది, ఏ తిండిలో ఎంత చక్కెరుందో గోడ మీద చూపాలట. సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింకుల మీద 40 శాతం అలాగే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. మొత్తానికి గోడ వద్దంటుంది, ధర రమ్మంటుంది. పిల్లలకు గోడ చదవడం కంటే ధర చదవడమే బాగా వచ్చు.

అదే 2025లో మధ్యాహ్న భోజనానికి కేంద్రం ఖాయం చేసిన వంట ఖర్చు, బియ్యం కాక, ప్రాథమిక బడి పిల్లాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, గ్యాసు అన్నీ అందులోనే. క్రమశిక్షణ వాదులంతా ఒక్కసారి ఆ డబ్బు పట్టుకుని బజారుకు వెళ్లి, ఒక పిల్లాడికి కడుపునిండా పప్పూ కూరా వండిపెట్టాలని మనవి. చిల్లర మిగిలితే, దాంతో ఏం కొనుక్కు తిన్నా మేమేమీ అనం.