గీతలు నిండ: సటీకం

మూలం (చెన్నూరులో విన్నది): "గీతలు నిండ ఉన్నయ్ గని నెట్ వస్తలేదు."

ప్రతిపదార్థం: గీతలు = ఫోను నెత్తిన నిలిచే నాలుగు కడ్డీలు; నిండ = ఒక్కటీ తక్కువ కాకుండ; ఉన్నయ్ = కనబడుచున్నవి; గని = కాని (మందమర్రి బొగ్గుగని అని శ్లేష చెప్పేవారున్నారు, ప్రకరణానికి పొసగదు); నెట్ = అడిగినది; వస్తలేదు = బయలుదేరినది, చేరలేదు.

వ్యాఖ్య: మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కొల్చారం మల్లినాథసూరి పెట్టుకున్న నియమం టీకాకారులందరికీ శిరోధార్యం. చెన్నూరు వాక్యంలో కంపెనీ మీద తిట్టు లేదు కనుక మనమూ తిట్టరాదు. ఉన్నదల్లా 'గని', అర్థమంతా అందులోనే ఉంది. గీతలు కొలిచేది టవరు గొంతు మనకెంత గట్టిగా వినబడుతోందో మాత్రమే, అందులో మన వాటా ఎంతో కాదు. టవరు సామర్థ్యాన్ని దాని కిందున్న ఫోన్లన్నీ పంచుకోవాలి. పెండ్లి పందిట్లో బగారన్నం వాసన అందరికీ ఒకేతీరుగా తగులుతుంది, గంటె మాత్రం బంతి కొసకు ఎప్పుడొస్తుందో తెలియదు. పైగా టవరు పదుల వాట్లతో పలికితే మామూలు 4జీ ఫోను వాటులో ఐదో వంతుతో బదులియ్యాలి. గోదావరి చెన్నూరు దగ్గర ఉత్తరవాహిని అయినంత సులువుగా మన ఫొటో టవరుకు ఎదురెక్కదు.

పూర్వపక్షం: అదే ఫోన్ల మాట మంచిగనే వినబడుతుంటే నెట్టుకేం రోగం? సమాధానం 4జీ ప్రమాణాల్లోనే ఉంది. అందులో మాటది మొదటి తరగతి: 100 మిల్లీసెకన్ల గడువు, వేగానికి హామీ. మామూలు నెట్టుది తొమ్మిదో తరగతి: 300 మిల్లీసెకన్లు, హామీ ఏమీ లేదు. ఆలస్యమైన మాట మాట కాకుండా పోతుంది, వీడియో అయితే కొంత ముందే దాచుకొని నడుస్తుంది. కనుక ఈ పంక్తిభేదం న్యాయమే. అన్యాయం తొమ్మిదో పంక్తి లోపల ఉంది. కూరగాయల తక్కెడ ముందు ఇరవై రూపాయలు కట్టబోతే తెర మీద చక్రం తిరుగుతుంటుంది. కొన్ని కిలోబైట్ల ఆ పొట్లం సినిమాల మూటల వెనకే నిలబడుతుంది.

మరో పూర్వపక్షం: నిబంధనలున్నాయి కదా? ఉన్నాయి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే సెకనుకు కనీసం 2 మెగాబిట్లు దిగాలని 2023లో నిర్వచించారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల్లో ఆలస్యానికి, పొట్లాల (ప్యాకెట్ల) నష్టానికి హద్దులున్నాయి, దాటితే కంపెనీకి జరిమానా. వాడకందారుకు మాత్రం జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి నిలిచిపోతేనే బిల్లులో తగ్గింపో, ప్రీపెయిడ్ గడువు పొడిగింపో దక్కుతుంది. అంటే పరిహారానికి 'రాలేదు' తెలుసు, 'వస్తలేదు' తెలియదు. మొదటిది ముగిసిన క్రియ, తారీఖు వేసి అర్జీ పెట్టవచ్చు. రెండోది ఇంకా జరుగుతూనే ఉంది. చక్రం తిరుగుతున్నంతసేపు వస్తున్నట్టే లెక్క, కనుక ఆ 24 గంటలు ఏ నిమిషం నుంచి మొదలుపెట్టి లెక్కించాలి?