రెండు షాకుల సైకిలు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

తే. రెండు షాకులు గల్గిన బండి కొనగ
వెలను, రంగును విడనాడి తెలియవలయు
నూనె, గాలియు, నిరుసును, దాని కీలు,
తొక్కువాని భారమ్మును లెక్కగొనుచు.

అవతారిక

పూర్వ వ్యాఖ్యాతలకు మూలగ్రంథం సిద్ధంగా ఉండేది. సైకిలు కొనుగోలు విషయంలో అట్టి ప్రామాణిక పద్యమేదీ లేనందున, మూలం లేనిదే టీక నిలవదన్న నియమానికి కట్టుబడి టీకాకారుడే ముందుగా పద్యాన్ని కూడా కల్పించుకోవలసి వచ్చింది. ఇందువల్ల కవిహృదయం గురించి వివాదానికి ఆస్కారమే ఉండదని అనుకోవచ్చు గాని, ముందు తెలియబోతున్నట్లు పాఠభేదాలు మాత్రం పుట్టనే పుట్టాయి.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇక్కడ విషయం ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైకు, అనగా ముందు ఫోర్కులోను వెనుక చట్రంలోను కుదుపు తీర్చే ఏర్పాటున్న కొండసైకిలు. ముందు మాత్రమే షాకు ఉండి వెనుక చట్రం బిగువుగా ఉండే దానిని హార్డ్‌టెయిల్ అంటారు. అధికారి ఎవడనగా, రాళ్లదారి ఎక్కాలన్న కోరిక పుష్కలంగాను సొమ్ము పరిమితంగాను ఉన్నవాడు. ప్రయోజనం వెన్నుపూసకు, జేబుకు ఏకకాలంలో రక్షణ. సంబంధమంటే కొన్నవాడికి, నెలవాయిదాకు నడుమ ఏర్పడేది.

ప్రతిపదార్థం

రెండు షాకులు గల్గిన = ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున షాకబ్జార్బర్లు ఉన్న; బండి = సైకిలును; కొనగ = కొనే సమయమందు; వెలను = చీటీ మీది తగ్గింపు ధరను; రంగును = ఫ్రేము మీది పూతను, బొమ్మలను; విడనాడి = మనసులోంచి తీసివేసి; నూనె = షాకు లోపలి డాంపరు నూనెను; గాలియు = స్ప్రింగుకు బదులుగా పనిచేసే గాలిని; ఇరుసును = చక్రాన్ని చట్రానికి పట్టి ఉంచే కడ్డీని; దాని కీలు = వెనుక చట్రం కదలడానికి ఆధారమైన కీలును; తొక్కువాని భారమ్మును = సవారీ చేసేవాడి బరువును; లెక్కగొనుచు = లెక్కలోకి తీసుకొంటూ; తెలియవలయు = పరీక్షించి గ్రహించవలెను.

తాత్పర్యం

తక్కువ ధరలో రెండు షాకుల సైకిలు కొనదలచినవాడు ధర చీటీని, రంగును చూసి మురిసిపోక, కంటికి కనబడని డాంపరు, గాలి గది, ఇరుసు, కీళ్లు అనే నాలుగింటిని తన బరువుకు తగినట్లు ఉన్నవో లేవో చూసుకోవాలనీ, ఆ నాలుగూ లేనిచోట రెండో షాకు అలంకారమే గాని ఉపకరణం కాదనీ భావం.

పాఠాంతర విచారం

రెండో పాదంలో “విడనాడి” అన్నచోట “తిలకించి” అని అంగళ్లవారి పాఠం. గణాలు, యతి సరిపోతున్నందున ఛందస్సును బట్టి దానిని తోసిపుచ్చడం కుదరదు. అయితే “వెలను, రంగును తిలకించి తెలియవలయు” అంటే తర్వాతి పాదాలలోని నూనె, గాలి మొదలైన వాటికి పనే లేకుండా పోతుంది కనుక, సైకిళ్లు విప్పి బిగించే మెకానిక్కుల పాఠమైన “విడనాడి” అనేదే గ్రాహ్యం.

ఇక్కడ ఒక శంక. వెలను విడనాడమంటే ఎంతైనా ఖర్చు పెట్టమని కవి చెబుతున్నాడా? అట్లయితే అవతారికలో చెప్పిన పరిమిత సొమ్ము మాట ఏమవుతుంది? సమాధానం: వెలను విడనాడటమంటే వెలను నాణ్యతకు కొలమానంగా తీసుకోకపోవడం. మన దేశంలో 10,000 నుంచి 15,000 రూపాయలకే రెండు షాకులున్న సైకిలు అంగట్లో దొరుకుతుంది. డాంపరు, బేరింగులు సక్రమంగా ఉన్నవి సాధారణంగా లక్ష రూపాయలు దాటాక గాని మొదలు కావు. అమెరికాలో ఇట్టివాటి తొలిమెట్టు సుమారు 1,500 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంగటి చవక ధరకు, ఈ తొలిమెట్టు ధరకు మధ్య ఉన్న అగాధంలో ఏమేమి మాయమయ్యాయో చెప్పడమే మూడో పాదం పని.

“నూనె” అనుటలో విశేషం

కవి నూనెను మొదట చెప్పడం యాదృచ్ఛికం కాదు. స్ప్రింగు తనకు తగిలిన దెబ్బను దాచుకొంటుందే గాని హరించదు. కుంగినది కుంగినంతా తిరిగి ఎగదన్నుతుంది. ఆ ఎగదన్నుడును అణచడానికి నూనె నిండిన గొట్టంలో సన్నని రంధ్రాలున్న పిస్టను కదులుతుంది. నూనె ఆ రంధ్రాల గుండా ఇరుకుకొని పోయేటప్పుడు దెబ్బలోని శక్తి వేడిగా మారిపోతుంది. దీనినే డాంపరు అంటారు. కార్యాలయాల తలుపులు దభాలున మూసుకోకుండా పైన బిగించే డోర్ క్లోజరు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే.

చవకబారు షాకులలో పైకి స్ప్రింగు కనబడుతుంది గాని లోపల డాంపరు ఉండదు, లేదా పేరుకు మాత్రమే ఉంటుంది. వాటి స్ప్రింగు మీద 750 అనో 850 అనో ఒక అంకె ముద్రించి ఉండగా, కొనేవాడు దానిని ఘనతకు గుర్తుగా భావించడం కద్దు; నిజానికది ఆ స్ప్రింగును ఒక అంగుళం కుంగదీయడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే సంఖ్య మాత్రమే. పరీక్ష సులభం. రెండు అరచేతులతో సీటును గట్టిగా కిందికి అదిమి ఒక్కసారిగా వదలగా, సీటు ఒకే ఊపులో నిదానంగా పైకి వచ్చి ఆగితే నూనె ఉన్నట్లు. రెండు మూడు మార్లు ఎగిరి కుదుటపడితే లేనట్లు. ఎగదన్నుడు వేగాన్ని మార్చే మర సాధారణంగా ఎర్ర రంగులో షాకు కొసన ఉంటుంది. దానిని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పినా సీటు లేచే వేగం మారకపోతే, మర ఉన్నదన్న మాటే గాని దాని వెనుక యంత్రం లేదని నిశ్చయించుకోవచ్చు.

“గాలియు” అనుటలో విశేషం

ఇనుప స్ప్రింగు ఎవరి బరువుకు చేస్తే వారికే సరిపోతుంది. 55 కిలోల మనిషికి, 90 కిలోల మనిషికి ఒకే స్ప్రింగు కుదరదు. చుట్టూ ఉన్న మరను బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని కొందరు చెబుతారు గాని, దానివల్ల అది ముందే కొంత నొక్కుకొని కూర్చుంటుందే తప్ప దాని స్వభావం మారదు. గాలి షాకులోనైతే ప్రత్యేకమైన చిన్న పంపుతో పీడనాన్ని పెంచి తగ్గించి ఎవరి బరువుకు వారు సరిచేసుకోవచ్చు. అందుచేత పరిమిత సొమ్ముతో కొనేవారికి గాలి షాకు ప్రశస్తం. అయితే సుమారు 50 గంటల సవారీకి ఒకసారి గాలి గదిని విప్పి, తుడిచి, సీళ్లకు గ్రీజు పెట్టవలసిన బాధ్యత కూడా దానితో సంక్రమిస్తుంది.

“తొక్కువాని భారమ్మును” అనే నాలుగో పాదాన్ని ఇక్కడే అన్వయించుకోవాలి. మనిషి కదలక కూర్చున్నప్పుడు షాకు తనంతట తాను కుంగే పరిమాణాన్ని శాగ్ అంటారు. షాకు కడ్డీ మీద ఉండే చిన్న రబ్బరు వలయాన్ని సీలు దాకా నెట్టి, గోడ పట్టుకొని సైకిలెక్కి, ఊగకుండా కూర్చొని మెల్లగా దిగితే ఆ వలయం ఎక్కడ నిలిచిందో కనబడుతుంది. షాకు కుంగగల నిడివి 50 మిల్లీమీటర్లయితే వలయం 15 మిల్లీమీటర్ల దగ్గర నిలవడం, అనగా నూటికి 30 వంతులు, వెనుకకు యుక్తం. ముందు ఫోర్కుకు 15 నుంచి 20 వంతులు చాలు. “లెక్కగొనుచు” అనే శత్రర్థక ప్రయోగం వల్ల ఈ లెక్క కొన్ననాడు ఒక్కసారి వేసి మరచేది కాదని, వీపు సంచీ బరువు మారినా మళ్లీ వేయవలసినదని సూచితం.

“ఇరుసును” అనుటలో విశేషం

వెనుక చట్రం కదిలేదైనప్పుడు అది పైకి కిందికి మాత్రమే కదలాలి, పక్కలకు మెలిపడరాదు. సన్నని పుల్లతో బిగించే క్విక్ రిలీజ్ ఇరుసుకు గాని, నట్టుతో బిగించే పాత ఇరుసుకు గాని ఈ మెలిని ఆపే శక్తి తక్కువ. అందుకని చట్రం రెండు కొమ్ముల గుండా దూసుకుపోయి మరతో బిగిసే లావుపాటి త్రూ యాక్సిల్ వచ్చింది. ముందు 15 మిల్లీమీటర్లు, వెనుక 12 మిల్లీమీటర్లు దాని సాధారణ మందం. తయారీదారుడు ఆ సైకిలును నిజంగా రాళ్లదారికి ఉద్దేశించాడో లేదో చెప్పే గుర్తులలో ఇంత తొందరగా కంటికి ఆనేది మరొకటి లేదు.

“దాని కీలు” అనుటలో విశేషం

“దాని” అనే సర్వనామం దేనిని చెబుతుందన్నది విచార్యం. సమీపంలో ఉన్నది ఇరుసు కనుక ఇరుసు కీలని కొందరూ, ఇరుసుకు కీలు ఉండదు కనుక బండి కీలని మరికొందరూ అంటారు. మొదటి పక్షంవారి మాట తోసివేయదగినది కాదు. వెనుక ఇరుసుకు కొంచెం ముందుగా, చైనుకు సమాంతరంగా పోయే కింది కడ్డీ మీద కీలు పెట్టే పద్ధతి ఒకటుంది. దాని రూపకర్త హోర్స్ట్ లైట్నర్ పేరుమీద దానిని హోర్స్ట్ లింక్ అంటారు. ఆ పేటెంటును 1998లో స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కున్నది. గడువు తీరాక ఆ పద్ధతి అందరికీ అందుబాటులోకి వచ్చింది. జెయింట్ కంపెనీ స్టాన్స్ అనే మోడలులో మరో మార్గం పట్టి, ఇరుసు దగ్గర కీలే పెట్టక కడ్డీలనే కొద్దిగా వంగనిచ్చి ఖర్చు తగ్గించింది. కాబట్టి కీళ్లు ఎక్కువుంటే మేలని గాని, తక్కువుంటే నాసిరకమని గాని తేల్చరాదు. “కీలు” అన్నది జాత్యేకవచనం.

చూడవలసినది కీలు లోపల ఏముందన్నది. సీలు వేసిన బాల్ బేరింగులుంటే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. ఉత్త ప్లాస్టిక్ బుష్షు ఉంటే దుమ్ము చేరి కొద్దికాలానికే వదులవుతుంది. వెనుక చక్రం నేల మీద ఉండగానే సీటును రెండు వేళ్లతో మెల్లగా పైకెత్తి చూసినప్పుడు, చక్రం లేవకముందే “టక్” మన్న చప్పుడు చేతికి తగిలితే కీలో షాకు బుష్షో వదులైనదని అర్థం. పాత సైకిలు కొనేవారు ఈ పరీక్ష చేయకుండా బేరం ఆడరాదు. ఫోర్కు కడ్డీల మీద గోటికి తగిలే గీత ఉన్నదేమో కూడా చూడాలి, ఆ గీత సీలును కోసి నూనెను బయటికి తెస్తుంది.

శంకా సమాధానాలు

బ్రేకులు, గేర్లు, సైజు గురించి కవి ఏమీ చెప్పలేదు గదా అంటే, నూనె మొదలైనవి ఉపలక్షణం; వాటివల్ల తక్కినవీ గ్రహించాలి. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు తీగతో లాగే డిస్కు బ్రేకుల కన్నా మేలు. ముందు మూడు, వెనుక ఏడు చొప్పున 21 గేర్లని పెద్ద అక్షరాలతో రాసిన దానికన్నా ముందు ఒకే పళ్లచక్రం ఉండి వెనుక పదో పన్నెండో ఉన్నది రాళ్లదారిలో చైను జారక నిలుస్తుంది. సైజు ఎత్తును బట్టి ఉండాలి. తగ్గింపులో మిగిలిన సైజును బట్టి ఉండరాదు.

అసలు వెనుక షాకు లేకుంటే కొండ దిగలేమా అన్నది పెద్ద శంక. దిగవచ్చు. కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో 1976లో మొదలైన రీప్యాక్ పందేలలో పాల్గొన్నవారి సైకిళ్లకు వెనుక షాకు లేదు సరిగదా, ముందూ లేదు. పెడలును వెనక్కి తొక్కితే పడే వాటి బ్రేకు హబ్బులో గ్రీజు ఒక్క దిగుడుకే మాడిపోయి మళ్లీ నింపవలసి రావడం చేతనే ఆ దారికి ఆ పేరు వచ్చింది. 1977లో జో బ్రీజ్ కొండదారి కోసమే ఫ్రేములు కట్టినా, షాకు ఫోర్కును వ్యాప్తిలోకి తెచ్చిన రాక్‌షాక్స్ కంపెనీ పుట్టడానికి 1989 దాకా ఆగవలసి వచ్చింది. వికారాబాదు దగ్గరి అనంతగిరి మట్టిబాటకు, ఊరి బయట మొరం రోడ్డుకు మంచి టైర్లున్న హార్డ్‌టెయిల్ ధారాళంగా చాలు. పైగా డాంపరు లేని వెనుక షాకు పెడలు తొక్కిన ప్రతిసారీ కుంగి, కాలి బలాన్ని కొంత తానే తినివేస్తుంది.

ఛందోలంకారాలు

పద్యం తేటగీతి, నాలుగు పాదాలలోనూ ప్రాసయతి. ప్రతి పాదంలో మొదట ఒక సూర్యగణం, కడపట రెండు సూర్యగణాలు రావడం సవారీ చేసేవాడి బరువు ముందుకన్నా వెనుకనే ఎక్కువగా పడుతుందన్న అర్థానికి అనుగుణంగా ఉన్నది. అలంకారం స్వభావోక్తి. కొన్ని చవక సైకిళ్లకు పేరులో “మౌంటెన్” అనీ, ఫ్రేము కింది చిన్న చీటీలో కొండదారులకు, గెంతులకు వాడరాదనీ ఉండటం విరోధాభాసమని కొందరి మతం. అది సరికాదు, అక్కడి విరోధం ఆభాస కాదు, యథార్థం.

ఫలశ్రుతి

లక్ష రూపాయల లోపు సొమ్మున్నవారు గాలి ఫోర్కు, హైడ్రాలిక్ బ్రేకులు ఉన్న హార్డ్‌టెయిల్ కొనాలి. అంతకు మించి పెట్టగలిగి, నిజంగా రాళ్లదారి తొక్కేవారు మాత్రమే ఈ పద్యంలోని నాలుగు పరీక్షలూ జరిపి రెండు షాకుల బండి తీసుకోవాలి. ఏది కొన్నా హెల్మెటుకు, షాకు పంపుకు అయ్యే డబ్బును ముందుగానే పక్కన పెట్టుకొని, మిగిలిన దానినే సైకిలు బడ్జెట్టుగా లెక్కించాలి.