భావప్రసార విద్యాభ్యాసము

విశ్వవిద్యాలయములందు అభ్యసింపదగిన విద్యలు పెక్కు గలవు గాని, భూమిమీద పడిన క్షణముననే గుక్కపెట్టి యారంభించిన విద్యను, యౌవనమున రుసుము చెల్లించి మరల మొదటినుండి నేర్చుకొను భాగ్యము కమ్యూనికేషన్ శాఖలో చేరినవారికి మాత్రమే లభించును. నేనందు యం.ఏ.కు చేరితినని విని మా పెద్దనాన్నగారు, "మాట్లాడ్డానికి చదువెందుకురా? మీ మేనత్త ఏ కాలేజీకి వెళ్లింది?" అనిరి. మేనత్త వాకిటనే యుండుటచే మౌనమే క్షేమమని తోచినది.

మా శాస్త్రమునకు మూలపురుషులలో నొకడైన క్లాడ్ షానన్, బెల్ ప్రయోగశాలలో పనిచేయుచు 1948లో ప్రకటించిన సిద్ధాంతమున, సందేశమునకు అర్థమున్నదా లేదా యను విచారముతో ఇంజనీరునకు నిమిత్తము లేదని తొలి పుటలోనే తేల్చివేసెను. మా ఆచార్యులవారు నల్లబల్లమీద పెట్టెలు గీసి, వానిని బాణములతో కలిపి, సందేశము పోవు మార్గముమీదికి అడుగునుండి మరియొక బాణమును దూర్చి, "దీనిని రొద యందురు" అని సెలవిచ్చుచుండగా, నెత్తిమీది పంకా కిఱ్ఱుమని మొఱపెట్టుటచే, ఆ మాట వెనుక బల్లలవారి కెవ్వరికిని వినబడలేదు. సిద్ధాంతము నోట వెలువడకమునుపే ఋజువగుట నేను భౌతికశాస్త్రమునందైనను ఎఱుగను.

ఆ యేడే హెరాల్డ్ లాస్వెల్ అను రాజనీతిశాస్త్రవేత్త, భావప్రసారమును వివరింపగోరువాడు ఎవరు, ఏమి, ఏ మార్గమున, ఎవరికి, ఏ ఫలితముతో చెప్పిరో విచారింపవలెనని ఒక్క వాక్యమున ముగించెను. వీధిలో ఎవరింట చిన్న మాట పుట్టినను మా మేనత్త ఈ యైదింటిని అదే వరుసలో, ఊపిరి తిప్పుకొనకుండ అడుగగలదు. ఆమెకు లేనిది డిగ్రీ మాత్రమే.

అయినను విశ్వవిద్యాలయపు చదువునకు ప్రత్యేక ప్రయోజనము లేకపోలేదు. సాధారణాంగ్లమున ఇంచుమించు సగము పునరుక్తియే యని షానన్ గణించెను. రొదను దాటి సందేశము గమ్యము చేరుటకు పునరుక్తియే రక్ష యని మాకు బోధించిరి. సగముతో తృప్తిపడు స్వభావము మాకు లేదు. "భావప్రసారమనగా భావమును ప్రసరింపజేయుట, ఎట్లనగా, భావము ప్రసరించినచో దానిని భావప్రసార మందురు" అని మొదలిడి, లాస్వెల్ గారి యేకవాక్యమును పండ్రెండు పుటలకు పెంచి, అదనపు కాగితములను దారముతో బిగించి సమర్పించితిని.

పరీక్షకులు నూటికి అఱువదియెనిమిది దయచేసిరి. అర్థముతో నిమిత్తము లేదన్న షానన్ వాక్యమును వారును శ్రద్ధగా చదివియుందురని నాకు నమ్మకము కుదిరినది.