రెండు గంటల్లో ఝాన్సీ రాణి

మార్చి 8 దగ్గర పడిందంటే మన కాలేజీలకు ఆడపిల్లల రక్షణ గుర్తొస్తుంది. గేటు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది, కరాటే మాస్టారికి కబురు వెళ్తుంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా, మెమెంటో అన్నీ అయ్యాక మిగిలిన కాస్త సమయంలో ఆత్మరక్షణ నేర్పుతారు. కార్యక్రమం మొత్తం రెండు గంటలు. అందులో గంటకు పైగా అతిథిగారే మింగేస్తారు కాబట్టి, ముందు ఆయన బారినుంచి తప్పించుకునే పట్టేదైనా నేర్పితే బాగుండని వెనక వరసల్లో గుసగుసలు.

ఇక అసలు ఘట్టం. మాస్టారు తన శిష్యుణ్ని పిలుస్తారు. ఆ పూటకు అతనే దుండగుడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల దుస్తులు, నడుముకు రంగు బెల్టు. ఎంత మర్యాదస్తుడంటే దాడి చేసేముందు వంగి నమస్కారం పెడతాడు. అమ్మాయి కుడి మణికట్టే పట్టుకుంటాడు. పట్టుకుని, ఆమె నేర్చుకున్న పాఠం గుర్తు తెచ్చుకునేదాకా ఓపిగ్గా నిలబడతాడు. ఆమె చెయ్యి తిప్పి విడిపించుకుని మోచేత్తో ఒక్కటిస్తే బుద్ధిగా కింద పడతాడు. చప్పట్లు. ఆ తర్వాత మాస్టారు స్వయంగా దొంతరగా పేర్చిన బెంగళూరు పెంకులు పగలగొడతారు. మళ్లీ చప్పట్లు. బెంగళూరు పెంకులు ఏ ఊళ్లోనూ ఆడపిల్లల వెంటపడినట్టు ఫిర్యాదు లేదు, అయినా శిక్ష వాటికే.

నిజంగా విద్య తెలిసిన మాస్టార్లు ఒక మాట దాచరు. ఎదుటివాడు ఒప్పుకోకుండా పెనుగులాడుతుంటే ఒక్క పట్టు విడిపించుకోవడం ఒంటికి అలవాటు కావాలన్నా నెలల సాధన కావాలి. అది వచ్చాక కూడా బరువు బరువే. జూడోలో 48 కిలోల అమ్మాయిని 48 కిలోల అమ్మాయి మీదికే దింపుతారు తప్ప 90 కిలోల మగవాడి మీదికి వదలరు. ఏళ్ల తరబడి తర్ఫీదు పొందిన క్రీడాకారిణికే ఒలింపిక్స్ ఒప్పుకోని పోటీని మన ప్రిన్సిపాల్‌గారు రెండు గంటల కార్యక్రమంతో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లకు అప్పజెబుతారు. సర్టిఫికెట్ ఇచ్చి మరీ.

ప్రభుత్వం ఇంతకన్నా నయమే. సమగ్ర శిక్ష పథకం కింద 6 నుంచి 12వ తరగతి దాకా అమ్మాయిలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. దానికి రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు, బడికి నెలకు 5 వేల రూపాయలు కేటాయించారు. ఝాన్సీ రాణికి గుర్రం, కత్తి, కోట, సైన్యం ఉండేవి. మన పిల్లలకు 5 వేలు, అదీ బడి మొత్తానికి.

సరే, పట్టు వచ్చిందనే అనుకుందాం. పట్టాల్సింది ఎవర్ని? శిబిరంలో చూపించే దుండగుడు ఎప్పుడూ చీకటి సందులోంచి వస్తాడు, ముఖం తెలియదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో మాత్రం ఏటా మరో మనిషిని చూపిస్తుంది. అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. ఇంటి ఓనరు, ట్యూషన్ మాస్టారు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, వరసకు మావయ్య. మహిళలపై నేరాల కింద నమోదయ్యే కేసుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు భర్త, అత్తింటివారు పెట్టే హింసది. మోకాలితో ఎక్కడ తన్నాలో మాస్టారు శ్రద్ధగా చూపించారు. తన్నాక అత్తయ్యకు ఏం చెప్పాలో చూపించలేదు. వచ్చే నెల ఆ ఇంట్లోనే శుభకార్యం ఉంటే, వడ్డనకు ఎవరు పిలుస్తారో, ఎవరు మొహం తిప్పుకుంటారో ఆ సంగతి సిలబస్‌లో లేదు.

శిబిరంలో చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. దాడి జరిగినప్పుడు ఒళ్లు మాట వినకపోవచ్చు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలను అడిగి 2017లో ప్రచురించిన పరిశోధనలో, 70 శాతం మంది ఆ సమయంలో గణనీయంగా కొయ్యబారిపోయామని చెప్పారు. చెయ్యి లేవదు, గొంతు పెగలదు. మన న్యాయస్థానాలకు ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. 1972లో మహారాష్ట్రలో మథుర అనే అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లోనే జరిగిన అత్యాచారం కేసులో ఒంటిమీద గాయాల్లేవనీ, కేకలు వేయలేదనీ ఎత్తిచూపుతూ సుప్రీంకోర్టు పోలీసులను విడిచిపెట్టింది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో సూటిగా రాసుకోవడానికి 2013 దాకా ఆగాం. ఇప్పుడు ఈ సర్టిఫికెట్లు చూస్తుంటే భయం. ‘నీకు కరాటే నేర్పించాం కదమ్మా, మరి కొట్టలేదేం?’ అని అడిగే ప్లీడరు ఎక్కడో ఒకచోట తయారవుతూనే ఉంటాడు.

పోనీ కొట్టింది. అత్యాచారాన్ని, యాసిడ్ దాడిని ఎదుర్కొనే క్రమంలో దుండగుడి ప్రాణం పోయినా భారతీయ న్యాయ సంహిత ఆమెను కాపాడుతుంది. 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ ఆత్మరక్షణ హక్కువే. అయితే అవసరానికి మించి హాని చేయకూడదు, ఆ హక్కు పరిధిలోనే చేశానని చూపించుకోవాల్సిన భారమూ ఆమెదే. మెడ మీద చెయ్యి పడ్డప్పుడు ఎంత కొడితే సరిపోతుందో లెక్క కట్టుకుని కొట్టాలన్నమాట.

చెయ్యి వద్దు, పెప్పర్ స్ప్రే ఉంది కదా అంటారు కొందరు. దాని సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు గొడవలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ అదే కొట్టారు. ఆత్మరక్షణ కోసమేనన్నారు. సభ్యులు దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ బయటికి పరుగెత్తారు, కొందరు ఆసుపత్రికి చేరారు. అయిదు రోజుల తర్వాత అదే సభలో బిల్లు పాసయింది. నాలుగు గోడల మధ్య, ఎంపీ చేతిలో దాని ప్రతాపం అది. మన అమ్మాయి విషయంలో అది హ్యాండ్‌బ్యాగ్‌లో లంచ్‌బాక్స్ కింద, ఛార్జర్ పక్కన, ఎక్స్‌పైరీ తేదీ దాటి పడుంటుంది. దానికన్నా మన అమ్మలు సిటీ బస్సుల్లో వాడిన సేఫ్టీ పిన్నే నమ్మకమైన ఆయుధం. దానికి ఏ మాస్టారూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ పిన్ను గుచ్చాక వాడు కేక వేస్తే, బస్సంతా తిరిగి చూసి ‘ఏంటమ్మా ఆ గొడవ, సర్దుకోవచ్చుగా’ అనేది అమ్మాయినే.

ఆత్మరక్షణ శిక్షణ దండగ అని నేననడం లేదు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది విద్యార్థినులతో ఒక ప్రయోగం చేసి, 2015లో ఫలితాలు వెల్లడించారు. శిక్షణ 12 గంటలు. ఏడాది గడిచాక చూస్తే, శిక్షణ పొందినవారిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలూ ఉన్నాయి. కానీ వాటికన్నా ముందు, తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని పసిగట్టడం నేర్పారు. వాడు నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటాన్ని పక్కన పెట్టడం, వద్దని గట్టిగా చెప్పడం నేర్పారు.

మొహమాటం! మనం పద్దెనిమిదేళ్లు పట్టుబట్టి నేర్పించే విద్యే అది. గట్టిగా నవ్వకు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు, మావయ్య పిలిస్తే వెళ్లి పక్కన కూచో, నలుగురిలో పరువు తీయకు. ఇన్నేళ్లు గొంతు నొక్కి పెంచి, ఒక్క ఉదయం మైదానంలో వరసగా నిలబెట్టి, ‘కియాయ్ అని గట్టిగా అరువమ్మా’ అంటే ఆ పిల్ల గొంతు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? చుట్టూ కిటికీల్లోంచి అబ్బాయిలు సెల్‌ఫోన్లలో వీడియో తీస్తుంటారు. వాళ్లకు ఆ రెండు గంటలు క్లాసులు లేవు, శిక్షణా లేదు. దాడి చేసే అవకాశమున్న సగం జనాభాకు సెలవిచ్చి, మిగతా సగానికి కసరత్తు చేయించడమే మన మహిళా భద్రత.

అరిచినా వినేవాళ్లు ఉండాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన ఘోరం తర్వాత, ఆమె చెల్లెలికి కాకుండా 100కు ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి తెలంగాణ హోం మంత్రి సెలవిచ్చారు. ఆ రాత్రి కుటుంబం పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది మా పరిధి కాదంటూ కాలయాపన జరిగిందన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆమె ఏం చేసి ఉండాల్సిందో చెప్పే చిట్కాల జాబితాలు మాత్రం వారం తిరక్కముందే వాట్సాప్‌లో ప్రతి ఇంటికీ చేరాయి.

ప్రిన్సిపాల్‌గారూ, ఈసారి మాస్టారికి కబురు పెట్టేముందు ఒక్క పని చేయండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. కనీసం పది మంది ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలనీ, దాన్ని వేసిన ఉత్తర్వు అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలనీ అది చెబుతోంది. మీ కాలేజీలో ఆ కాగితం ఏ గోడకుందో వెళ్లి చూడండి. లేకపోతే ఫ్లెక్సీ ఖర్చులో వందోవంతుతో అది అచ్చు వేయించి, సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు పెద్దక్షరాల్లో రాయించండి. ఆ రెండు గంటల్లో అమ్మాయిల్ని లోపల కూర్చోబెట్టి ఫిర్యాదు ఎలా ఇవ్వాలో చెప్పండి. మైదానంలో ఎండకు నిలబెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే అబ్బాయిల్ని నిలబెట్టండి.