చుగ్లీకి రెండు వందల యాభై

బెంగళూరువాళ్లకు ఆలోచనలకు కొదవ లేదు. 2025 చివర్లో అక్కడి చెత్త సంస్థ ఒక మాట ప్రకటించింది. రోడ్డు మీద చెత్త పారేసేవాణ్ణి వీడియో తీసి పంపితే 250 రూపాయలు మీవి. పారేసినవాడి చెత్తను తిరిగి తీసుకెళ్లి వాడి గుమ్మం ముందే కుమ్మరించే ఉత్సవం కూడా అదే ఊపులో మొదలుపెట్టారు. కేరళ ఇంకా ఉదారం. అక్కడ 2023 నుంచే జరిమానాలో నాలుగో వంతు, 2500 మించకుండా, సమాచారం ఇచ్చినవాళ్ల చేతిలో పెడతామన్నారు. ఎం.జి. శ్రీకుమార్ అనే పెద్ద గాయకుడి ఇంట్లోంచి కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లోకి ఏదో మూట పడుతుంటే ఒక పర్యాటకుడు ఫోన్లో పట్టాడు. 2025 ఏప్రిల్‌లో గాయకుడికి పాతిక వేల జరిమానా. నేను కాదు, పనిమనిషి, అదీ కుళ్లిన మామిడిపండు అని ఆయన మొత్తుకున్నాడు. దేశంలో ఒక మామిడిపండు అంత ధర పలకడం అదే మొదలు కాబోలు.

మన కేంద్రమంత్రి గడ్కరీ గారూ 2022 జూన్‌లో ఇదే రాగం తీశారు. అడ్డదిడ్డంగా పెట్టిన బండి ఫోటో పంపితే, వెయ్యి జరిమానా పడితే, ఐదు వందలు పంపినవాడికి వచ్చేలా చట్టం తెస్తానని. చట్టం రాలేదు గానీ ఆశ మిగిలింది.

ఇలాంటి మంచి కబురు విన్నప్పుడల్లా మా బాన్సువాడకు ఎప్పుడొస్తుందా అని మనసు లాగుతుంది. ఉపాధి హామీలో ఎండకు మట్టి తవ్వితే 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. నీడన నిలబడి పక్కింటోణ్ణి ఒక్క వీడియో తీస్తే 250. రెండో వీడియోతో మట్టి పని ఓడిపోయింది. నిరుద్యోగం గురించి ఇంకెవరైనా మాట్లాడితే వాళ్లకు ఫోను లేదని అర్థం.

మా ఊరి కల్కి చెరువు కట్టను తలచుకోండి. ఇప్పుడు పొద్దున్నే అక్కడ షుగరు తగ్గడానికి నడుస్తున్నారు, రేపు ఫోను ఎత్తిపట్టుకుని నడుస్తారు. ఏదో చికెన్ సెంటర్ పిల్లగాడు ఇంకా చీకటి ఉండగానే టీవీఎస్ ఎక్సెల్ మీద నల్ల కవరు పెట్టుకొస్తాడు. ఎడమకాలు కింద ఆనించి, ఇంజను ఆపకుండా, అటూ ఇటూ చూసి కవరు విసురుతాడు. అంతవరకూ కట్ట మీద చప్పట్లు కొడుతూ వ్యాయామం చేస్తున్న పదిమందీ ఒక్కసారిగా ఫోన్లు తీస్తారు. కవరు ఒకటి, జరిమానా ఒకటి, వీడియోలు పది. ఎవరిది ముందు చేరిందనే దానిమీద కొత్త పంచాయితి. పిల్లగాడు ఎటు పోయాడో ఎవరికీ పట్టదు. ఈకలూ పేగులూ ఉన్న ఆ కవరును తీసేద్దామన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు, ఎందుకంటే అది సాక్ష్యం. కుక్కలకు మాత్రం సాక్ష్యాల చట్టం తెలియదు.

ఇక వాడల్లో ముచ్చట వేరు.

“ఏంది వదినె, నా మీద వీడియో పంపినవట?”

“అయ్యో, నీ మీద ఎందుకు పంపుత వదినె? కవరు మీద పంపిన. నువ్వే నడుమల అడ్డమొచ్చినవ్.”

నిన్నటిదాకా అదే వదినె గోడ మీదుగా పచ్చిపులుసు గిన్నె అందించేది. పొరుగింటి చెత్త మన గడప ముందుకొస్తే మన వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. కొంగు నడుముకు చెక్కి, నడిబజారులో నిలబడి, ఏడు తరాలూ దిగొచ్చేలా తిట్టడం. చెవులకు హాయిగా ఉండేదని అనను. కానీ తిట్టేవాళ్లెవరో తెలిసేది, ఎందుకు తిడుతున్నారో తెలిసేది. తిట్లు తిన్నవాళ్లు సాయంత్రానికి ఊడ్చేవాళ్లు కూడా. ఖజానాకు పైసా ఖర్చు లేదు. కొత్త పద్ధతిలో పరదా చాటు నుంచి ఫోను కన్ను ఒకటే కనిపిస్తుంది. జరిమానా కాగితం వచ్చిన రోజు నుంచి వాడలో ప్రతి కిటికీ అనుమానమే.

అసలు మెలిక డబ్బు దగ్గర ఉంది. జరిమానా కట్టాల్సినవాడు రేపు మాపు అంటాడు, నాయకుడితో ఫోను చేయిస్తాడు. బహుమతి రావాల్సినవాడు ఇవాళే కావాలంటాడు, వాడూ నాయకుడితోనే ఫోను చేయిస్తాడు. ఇద్దరికీ నాయకుడు ఒక్కడే అయితే ఇక చెప్పేదేముంది, చెత్తకూ సెటిల్‌మెంట్ అయిపోతుంది.

నేను గాలిలో లెక్కలు కడుతున్నాననుకునేరు. దక్షిణ కొరియా 2001లో ట్రాఫిక్ ఉల్లంఘనల ఫోటోలకు డబ్బులివ్వడం మొదలుపెట్టింది. మలుపుల దగ్గర పెద్ద లెన్సులేసుకుని కూర్చునే వృత్తి ఒకటి పుట్టుకొచ్చింది. ఆ పథకాన్ని రెండేళ్లు తిరక్కుండానే ఆపేశారు గానీ, చెత్తకూ నిబంధనలు మీరిన ట్యూషన్లకూ కొత్త బహుమతులు పెడుతూనే పోయారు. దాంతో చుగ్లీ, అంటే చాడీ, నేర్పే శిక్షణ కేంద్రాలు కూడా వెలిశాయి. న్యూయార్కులో ఇంజను ఆపకుండా నిలబెట్టిన లారీని వీడియో తీస్తే జరిమానాలో పాతిక శాతం ఇస్తారు, కొందరికి అదే ఉద్యోగం. గోవాలో 2017లో ట్రాఫిక్ సెంటినెళ్లని పెట్టి ఫోటోకిన్ని పాయింట్లు, పాయింట్లకిన్ని రూపాయలు అన్నారు. పాయింట్లతో పాటు సెంటినెళ్లకు దెబ్బలూ జమయ్యాయి.

అయినా ఈ విద్య మనకు బెంగళూరో కొరియానో నేర్పాలా? మా ఉమ్మడి నిజామాబాద్ జిల్లా దీంట్లో ఎప్పుడో పట్టా పుచ్చుకుంది. మన దగ్గర గ్రామాభివృద్ధి కమిటీ ఉంది, అందరూ వీడీసీ అంటారు. పంచాయతీరాజ్ చట్టంలో దానికి చోటు లేదు, ఓట్లు వేసి ఎన్నుకున్నదీ కాదు. సర్పంచ్ కుర్చీలో ఉంటాడు, ఊరు వీడీసీ చేతిలో ఉంటుంది. గుడి కడుతుంది, కోతుల్ని పట్టిస్తుంది, ఆ మంచిపనులు కాదనను. పనిలో పనిగా దండుగలు వేస్తుంది, కాదన్న కుటుంబాన్ని, ఒక్కోసారి కులం మొత్తాన్ని, వెలివేస్తుంది. ఆ ఇంటివాళ్లకు కిరాణం అమ్మొద్దు, వాళ్ల పొలంలోకి కూలికి పోవద్దు, మాట్లాడితే ఇన్ని వేలు అని సాటింపు. మాట్లాడితే దండుగ అన్నాక, ఎవరు మాట్లాడారో చూసి చెప్పేవాడు ఒకడు ఉండక తప్పదు కదా. హోటల్ ముందు బల్ల మీద కూర్చుని టీ గ్లాసు మీదుగా వీధంతా కొలిచే కళ్లు అవే. ఇట్లాంటి వెలివేతను మహారాష్ట్ర 2016లో చట్టం చేసి నేరమంది. మనం ఇంకా కమిటీకి శాలువాలు కప్పుతున్నాం.

సారా ముచ్చట ఇంకా సొగసు. తెలంగాణ పల్లెల్లో బెల్టు షాపులు బంద్ చేస్తూ తీర్మానాలు తరచూ వస్తుంటాయి. అమ్మితే యాభై వేలో లక్షో దండుగ, పట్టిచ్చినోళ్లకు అందులోంచి ఐదో పదో వేలు ఇనాం. చదివితే గాంధీ గారు కళ్లు తుడుచుకుంటారు. అయితే ఇదే ఇలాకాలో బెల్టు షాపు హక్కును వీడీసీలే వేలం పాడిన ఊళ్లూ ఉన్నాయి. అక్కడ పాట పాడి దక్కించుకున్నవాడు అమ్మేది ఊరి అభివృద్ధి. పాడకుండా చాటున రెండు క్వార్టర్లు అమ్మితే ఊరి ద్రోహం. పట్టిచ్చేవాడు కాపాడేది మరి మద్య నిషేధాన్నా, వేలం పాటనా?

కెమెరాతో నీతి నేర్పడం ఎక్కడిదాకా పోతుందో కూడా చూశాం. స్వచ్ఛ భారత్ రోజుల్లో చెంబు పట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి మీద టార్చిలు వేశారు, విజిళ్లు ఊదారు. 2017 జూన్‌లో రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్‌లో మున్సిపల్ సిబ్బంది ఆడవాళ్ల ఫోటోలు తీస్తున్నారని అడ్డుపోయిన మనిషి ఆ గొడవ తర్వాత చనిపోయాడు. ఆ బస్తీ వాళ్లకు మరుగుదొడ్డి కంటే ముందు కెమెరా చేరింది.

చెత్తగాళ్లను వెనకేసుకొస్తున్నావా అని అడిగేవాళ్లుంటారు. లేదు. చెరువులో కోడిపేగులు వేసేవాడికి జరిమానా పడాల్సిందే, కంపు నాకూ కొడుతుంది. నా పేచీ రేట్ల పట్టికతో. కౌటిల్యుడికీ చుగ్లీల మీద మక్కువ ఎక్కువే, అర్థశాస్త్రంలో ఇనాం లెక్క కట్టాడు. ఖజానా సొమ్ము తిన్న అధికారిని నిరూపించి పట్టిచ్చినవాడికి ఆ సొమ్ములో ఆరో వంతు. చెప్పినవాడు నౌకరే అయితే పన్నెండో వంతు. ఎంత గడుసువాడైనా ఆయన వేలు పైకి చూపించింది. మన పట్టిక కిందికి, ఎప్పుడూ కిందికే, అరటితొక్క ఎత్తులో ఆగిపోతుంది. పెద్ద చేపలకూ కాగితం మీద ధర లేకపోలేదు. 2018లో ఆదాయపన్ను శాఖ విదేశాల్లో దాచిన నల్లధనం ఆచూకీ చెబితే ఐదు కోట్ల దాకా ఇస్తామంది. అది మీ హక్కు కాదు, మా దయ అని కూడా అందులోనే రాసుకుంది. లంచం అడిగినవాణ్ణి పట్టించాలంటే ఏసీబీ నంబరు 1064 ఉండనే ఉంది. ఎర వేయడానికి నోట్లు మీరే తెచ్చుకోవాలి, తర్వాత మీ డబ్బు మీకు వాపసు. అంటే లంచగొండిని పట్టిస్తే అసలు దక్కుతుంది, అరటితొక్కను పట్టిస్తే లాభం దక్కుతుంది. బుద్ధున్నవాడు ఏ వ్యాపారంలోకి దిగుతాడు?

మంజీర ఇసుక టిప్పర్లు రాత్రిపూట ఎలా పోతాయో ఈ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా నిద్రలో తెలుసు, మంచాలు అదురుతాయి. పథకం బాన్సువాడకు వచ్చిందనుకుందాం. ఒక అమాయకుడు ఇల్లంతా పడుకున్నాక గేటు పక్కన నక్కి, నంబరు ప్లేటుకు మట్టి పూసుకున్న టిప్పరు వీడియో ఒకటి తీసి పంపాడనుకుందాం. పొద్దున ఆఫీసు నుంచి ఫోను రాదా, తప్పకుండా వస్తుంది.

“నీ వీడియో చూసినం తమ్మీ. టిప్పరు మా డిపార్ట్‌మెంట్ కాదు.”

“మరి ఇనాం సార్?”

“ఆగు. టిప్పర్ల కెల్లి ఇసుక రోడ్డు మీద రాలిందా?”

“రాలింది సార్. మా గేటు ముంగట దోసెడంత ఉంది.”

“ఆ దోసెడు ఫోటో పంపు. బండి కనపడొద్దు. గేటు నీదే అన్నవ్ గద? జరిమానా నీ పేరు మీద రాస్త, ఇనాం అండ్ల కెల్లి పట్టుకుంట.”