పౌనా చాయ్ ధర్మాసనం

సికింద్రాబాద్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఒక ఇరానీ హోటల్లో, గల్లాపెట్టెకు ఎడమ పక్క ఒక ధర్మాసనం ఉంది. దానికి జీవో లేదు, జీతం లేదు, వేసవి సెలవులూ లేవు. ఆదివారం పొద్దున ఏడింటికి కూర్చుంటే పదింటికి గానీ లేవదు. మొదటి గంటకు పౌనా చాయ్, రెండో గంటకు ఉస్మానియా బిస్కెట్, మూడో గంటకు తీర్పు. ఫుట్‌బాల్‌లో ఏ పోరడు పైకొస్తాడో, ఎవడు మధ్యలో రాలిపోతాడో అక్కడే తేలుతుంది. ఇన్నేళ్లలో ఒక్క తీర్పూ తప్పు కాలేదు. తప్పని రుజువయ్యే నాటికి మా వాళ్లు ఎప్పుడూ ఇంకో పోరడి కేసులో ఉంటారు మరి.

ఆ బెంచీ చివర నాకూ సగం సీటుంది. కాబట్టి ఈ పొగడ్తలో కొంచెం సొంత డబ్బా వినిపిస్తే మన్నించండి.

ఈ నెల కేసు బొల్లారం వైపు కుర్రాడిది. పదిహేడేళ్లు. మధ్యలో ఆడతాడు, అంటే ఆటంతా వాడి కాళ్ల మీదుగా పోవాలి. బయటి రాష్ట్రంలో ఏదో అకాడమీ వాళ్లు నెల రోజులు ఉండి చూపించమని పిలిచారట. కబురు అందిన పూటే విచారణ మొదలైంది.

"పోరడు మంచిగనే ఆడుతడు గని, హైట్ లేదు బై" అన్నాడు రైల్వేలో రిటైరైన పెద్దాయన.

"హైటుంటె మాత్రం ఏం జేస్తడు? లెఫ్ట్ కాలు లేదు."

"రెండు కాళ్లున్నయి గద సాబ్" అన్నాను, రికార్డు కోసం.

"ఉన్నయి. లెఫ్ట్‌ది నిలవడానికి."

"వాళ్ల నాయన ఆటో నడుపుతడు. ఎన్నొద్దులు ఆడిపిస్తడు చెప్పు?" ఇది బ్యాంకులో పని చేసొచ్చినాయన అనుమానం. అప్పిచ్చేటప్పుడు జామీను అడిగే అలవాటు ఆయనకింకా పోలేదు.

ఈ ముగ్గురిలో ఒక్కరూ ఆ కుర్రాడి ఆట చూడలేదు. అది లోపమని మీకు తోస్తే మీకు న్యాయశాస్త్రం తెలియనట్టే. కళ్లారా చూసినవాడు సాక్షి అవుతాడు. సాక్షి తీర్పు చెప్పకూడదు. మావాళ్లు మైదానం ముఖం చూడకపోవడం వెనక అంత నిష్ఠ ఉంది.

ఈ నిష్ఠ లేకపోబట్టే సయ్యద్ అబ్దుల్ రహీం అన్ని అవస్థలు పడ్డాడు. పాపం, వృత్తికి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆయనకో చెడ్డ అలవాటు ఉండేది. కుర్రాళ్లు ఆడుతుంటే పోయి నిలబడి చూసేవాడు. అక్కడితో ఆగాడా? డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి కొన్ని పోటీలు, చేతగాని కాలితోనే తన్నాలని షరతు పెట్టి ఇంకొన్ని జరిపించాడు. లెఫ్ట్ కాలు లేదని మా బెంచీ ఒక్క గుక్కలో తేల్చేదానికి, లేని కాలిని తెప్పించాలని ఆయన ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డాడు. ఫలితం ఏమిటి? సిటీ పోలీసులు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా పోయింది. అక్కడికి చేరిన మొదటి ఆసియా జట్టు అదే. చివరికి వచ్చింది నాలుగో స్థానం. మా బెంచీని ముందే అడిగుంటే నాలుగో స్థానమే వస్తుందని ఇక్కడే చెప్పేవాళ్లం, అంతదూరం ఓడ ఖర్చో విమానం ఖర్చో మిగిలేది.

పీటర్ తంగరాజ్ సంగతి తీసుకోండి. మన సికింద్రాబాద్ క్లబ్బుల్లో, మార్నింగ్ స్టార్‌లో, ఫ్రెండ్స్ యూనియన్‌లో ఆడిన మనిషి. మొదట్లో ఆయన సెంటర్ ఫార్వర్డ్. మా ధర్మాసనం ముందుకు ఆ కేసు వచ్చుంటే ఒక్క వాయిదాలో అయిపోయేది: మనిషి తాడిచెట్టంత, ముందుండి గోల్స్ కొట్టడానికి పనికిరాడు, ఫైలు కట్టేయండి. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ వాళ్లకు ఆ మాత్రం చట్టం తెలియక, ఆ తాడిచెట్టును తీసుకెళ్లి గోలు ముందర నాటారు. 1956లో, 60లో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచిన రోజు మన గోలు కాసింది ఆ చేతులే. ముందు వరసలో పనికిరాని వాడు వెనక వరసలో పనికొస్తాడేమో అన్న ఆలోచన మా బెంచీకి ఎందుకు రాదంటారా? మా బెంచీకి ఉన్నది ఒకటే వరస.

ఈ విషయంలో మాకు అమెరికా శాఖ కూడా ఉంది. మా అక్క కొడుకు టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. డల్లాస్ కౌబాయ్స్ జట్టు కేంద్రం ఆ ఊళ్లోనే. అక్కడి ఫుట్‌బాల్‌లో కాలికి పెద్దగా పనిలేదు, బంతి చేతిలోనే ఉంటుంది. ఆ చెయ్యి క్వార్టర్‌బ్యాక్ అనే కుర్రాడిది. ఎదుటివాళ్లు కొండల్లా మీదికి వస్తుంటే మూడు సెకన్లలోపు ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. ఆ మూడు సెకన్ల మీద మా వాడి స్నేహితులు గ్యారేజీలో మూడు గంటలు కూర్చుంటారు, పునుగులతో. "కొత్తగా వచ్చిన వాడు నిలబడతాడంటావా మామయ్యా?" అని ఫోన్‌లో నన్నూ అడుగుతాడు. ఆ కుర్రాడి పేరు కూడా నాకు తెలియదు, అయినా మన బెంచీ పరువు నిలబెట్టాలి కదా, "హైట్ ఎంత?" అన్నాను. వాడు చాలా సంతోషించాడు.

అక్కడ తీర్పుల యంత్రాంగం మన కంటే పెద్దది. కాలేజీ కుర్రాళ్లను వరసగా నిలబెట్టి, పరుగెత్తించి, గంతులేయించి, అరచెయ్యి కొలిచి మరీ చెప్తారు. 2000లో టామ్ బ్రాడీ అనే సన్నటి కుర్రాడు నలభై గజాలు పరుగెత్తడానికి 5.28 సెకన్లు తీసుకున్నాడు. పెద్దలు తలలూపి, అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను ఎంచుకుని, ఎంపిక వరసలో 199వ వాడిగా ఇతన్ని పిలిచారు. తర్వాత అతను ఏడు సూపర్‌బౌల్‌లు గెలిచాడు. రెండేళ్ల ముందు, 1998లో, రెండో వాడిగా పిలుపందుకున్న ర్యాన్ లీఫ్ నాలుగు సీజన్లలో ఇల్లు చేరాడు. ఇన్ని కొలతలు కొలిచీ వాళ్లు మన స్థాయికి రాలేకపోయారు. ఏ కొలతా లేకుండా, కుర్చీలోంచి లేవకుండా, అంతే గురిగా తప్పగల శక్తి మనది. ఖర్చు లెక్కన చూస్తే ఆ పౌనా ఎంతో చవక.

అసలు మా ధర్మాసనం గొప్పతనమంతా తులసీదాస్ బలరాం విషయంలో బయటపడింది. అమ్ముగూడ కుర్రాడు. ఇక్కడి నుంచి ఆటోలో పోయేంత దగ్గర. 1936లో పుట్టాడు, మెల్‌బోర్న్ వెళ్లేనాటికి ఇరవై ఏళ్లు. 1957లో ఈస్ట్ బెంగాల్ వాళ్లు కలకత్తా తీసుకుపోయారు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు. 1962లో జకార్తా బంగారం, అదే ఏడు అర్జున. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురినీ కలిపి తలిచేవాళ్లు దేశమంతా. ఊపిరితిత్తుల జబ్బు చేసి 1963లో, ముప్ఫై నిండకుండానే, ఆట మానేశాడు. ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఈయనకు రాలేదు.

ఇక్కడ మా వాళ్ల ఓర్పు చూడాలి. ఆయన పైకొస్తాడా రాడా అన్న సంగతి మేం తొందరపడి తేల్చలేదు. ఒలింపిక్స్ అయ్యాయి, తేల్చలేదు. బంగారం వచ్చింది, తేల్చలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా దశాబ్దాలు గడిపాడు, అప్పుడూ తేల్చలేదు. 2023 ఫిబ్రవరి 16న ఆయన పోయినట్టు పొద్దున పేపర్లో పడ్డాక, రైల్వే పెద్దాయన చాయ్ పక్కన పెట్టి, "మనోడేనట. అమ్ముగూడ. మస్తు ప్లేయరట" అన్నాడు. అరవై ఏళ్లు విచారించి ఇచ్చిన తీర్పు. అప్పీలుకు అవకాశం లేదు.

రహీం సాబ్ విషయంలో కొంచెం నయం. జకార్తా బంగారం తెచ్చి ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయాడు. ఆయనెవరో 2024 ఏప్రిల్‌లో మాకు అజయ్ దేవగణ్ చెప్పాడు. 'మైదాన్' సినిమా చూసొచ్చి బ్యాంకాయన కళ్లు తుడుచుకున్నాడు. హీరో మనూరివాడని ఇంటర్వెల్‌లో తెలిసిందట.

మాకు అభిమానం లేదని మాత్రం అనకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక జట్టు 2019లో మన పేరు పెట్టుకుని వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 దగ్గర నిలిచి, పెనాల్టీల్లో 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ రాత్రి మేం స్టేటస్‌లు పెట్టాం, పసుపు రంగు గుండెలు పెట్టాం. ఆ తర్వాత వాళ్లు గచ్చిబౌలిలో ఆడారు. గచ్చిబౌలి దూరం కదా. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. "ఉండమని మనల్నొక్క మాట అడగలె" అని మా బెంచీ నొచ్చుకుంది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా గచ్చిబౌలిలోనే అయింది. బెంగాల్ గెలిచింది. ఆ సాయంత్రం మేం బిర్యానీ పార్సిళ్ల క్యూలో ఉన్నాం. అదీ సామాన్యమైన క్యూ కాదు.

మైదానాలను కాపాడటంలోనూ మా ఊరికి సాటి లేదు. పరేడ్ గ్రౌండ్స్‌లో సంక్రాంతికి పతంగులు, ఎన్నికలకు సభలు. లాల్ బహదూర్ స్టేడియంలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం. ఇన్ని మంచి పనులకు పనికొచ్చే నేలను కుర్రాళ్ల బూట్లతో పాడు చేయించడం ఎవరికి మాత్రం ఇష్టం? పోరలు కూడా అర్థం చేసుకుంటారు. ఖాళీ దొరికిన గంటలో, క్రికెట్ వాళ్ల మూడు జట్ల మధ్య నుంచి, రెండు చెప్పుల్ని గోలుగా పెట్టుకుని ఆడుకుంటారు. ఆ ఇరుకులో లెఫ్ట్ కాలు రాలేదంటే తప్పు లెఫ్ట్ కాలుదే.

పోయిన ఆదివారం విచారణ ముగింపుకొచ్చింది. హైట్ అయింది, కాలు అయింది, ఆటో అయింది, ఇక మిగిలింది గుండె. "ప్రెజర్ తట్టుకుంటడా?" అని బ్యాంకాయన అడిగాడు. నలుగురం ఆలోచనలో పడ్డాం. రైల్వే పెద్దాయన మోకాళ్లు నొప్పని బెంచీ కింద ఉన్న సంచీ మీద రెండు కాళ్లూ జాపుకుని కళ్లు మూసుకున్నాడు.

అంతలో కౌంటర్ దగ్గర చాయ్ తాగుతున్న ఒక కుర్రాడు గ్లాసు పెట్టేసి మా దగ్గరికొచ్చాడు. ఎముకల మనిషి, మోకాలి మీద ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. మా మాటలు ఎంతసేపు విన్నాడో తెలియదు.

"అంకుల్, జర కాళ్లు తీస్తరా? నా బ్యాగు."

పెద్దాయన కాళ్లు తీశాడు. కుర్రాడు ఎడమ చేత్తో సంచీ దులిపి భుజానికేసుకున్నాడు. పక్కన వేలాడుతున్న బూట్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. బండి టైమైందన్నాడు, సలాం పెట్టి స్టేషన్ వైపు నడిచాడు.

అద్దంలోంచి నలుగురం చూశాం, వాడు రోడ్డు దాటేదాకా.

"చూసినవా నడక?" అన్నాడు పెద్దాయన. "మోకాలు వీక్."

బ్యాంకాయన వేలెత్తి ఇంకో నాలుగు పౌనాలు చెప్పాడు.